స్టువార్టుపురము: ఆశ్రయమా, కావలియా?

పల్నాటి చరిత్ర యనిన మనకు కారెంపూడి రణరంగము, నాగులేటి యొడ్డు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను మనవి చేయబోవునది యుద్ధకథ కాదు. ఇండ్లిచ్చి బాగుచేయబూనినవారికిని, ఆ యిండ్లలో నుండినవారికిని నడుమ పుట్టిన తగవు కథ. ఇది మనకు దూరమైనది కాదు. బాపట్ల చీరాలల మధ్యనున్న స్టువార్టుపురమున జరిగినది.

ఎరుకలవారు మనకు క్రొత్తవారు కారు. గంపలు, చేటలు అల్లువారు, ఎరుక చెప్పువారు వారిలో గలరు. ఉప్పు ఎరుకలను తెగవారు పూర్వము సముద్రతీరమునుండి ఎద్దులపై ఉప్పు తెచ్చి, మెట్టసీమలలో ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. 1805లో కుంఫిణీవారు మద్రాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తక్రిందికి తెచ్చుకొనిరి. ఆ పిమ్మట రైలుదారులు పడెను. ఎద్దుల బేరము క్షీణించెను. జీవనము చెడినవారు ఊరూర తిరుగుచుండగా, ప్రభుత్వము ఆ తిరుగుటనే అనుమానించెను. 1871లో ఉత్తరదేశమునకై చేసిన నేరస్థజాతుల చట్టము, 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వచ్చెను. కొందరి దొంగతనములకు జాతి యంతయు పట్టికకెక్కెను.

పట్టికకెక్కినవారిని ఒకచోట నిలుపుటకై సెటిల్మెంట్లు వెలసినవి. 1913 ప్రాంతమున ఏర్పడిన యీ గ్రామమునకు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడగు సర్ హెరాల్డు స్టువార్టు పేరు పెట్టి, నిర్వహణమును రక్షణసైన్యమను క్రైస్తవసంస్థకు అప్పగించిరి. నివాసము, సేద్యపు నేల, బడి సమకూడెను. కాలక్రమమున చీరాల పొగాకు కంపెనీలో కూలిపనియు దొరకెను.

ఇంత మేలు జరిగినను తగవేల? ఆ యింటికి తలుపున్నదిగాని, తలుపు దాటుటకు స్వేచ్ఛ లేదు. హాజరు చెప్పవలయును. సెలవుచీటి లేక ఊరు దాటరాదు. దాటినచో శిక్ష. బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి బడులలో నుంచుటకును చట్టము అధికారమిచ్చెను. అన్నము చూపిన చేయియు, హాజరు వ్రాసిన చేయియు ఒక్కటే. కట్టుబాటు లేనిదే పాతయలవాట్లు పోవని నిర్వాహకుల వాదము. దానిలో సదుద్దేశము లేదనజాలను. కాని దొంగతన మెరుగని ఇల్లాలును పసివాడును గూడ ఆ కట్టుబాటుననే యుండిరి. వారి పక్షమున చూచినచో, అది ఇల్లు గాదు, గోడలు కనబడని చెరసాల.

మద్రాసు రాజధానిలో ఈ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతట 1952 ఆగస్టు 31న తొలగెను. చట్టము పోయినను పేరు పోలేదు. 1970 దశాబ్దిలో హేమలతా లవణము, ఆమె భర్త లవణము స్టువార్టుపురమునకు వెళ్లి సంస్కరణోద్యమము నడపిరి. ఆమె మన వినుకొండలో పుట్టిన గుఱ్ఱము జాషువ మహాకవి కుమార్తె. వారి చేత హాజరుపట్టీ లేదు; వారు నమ్ముకొన్నది మంచిమాటను. సహాయమునకును పెత్తనమునకును గల భేదము ఇచ్చట స్పష్టము.

మా రాజుపాలెపు పెద్దలకును, తక్కిన గ్రామముల పెద్దలకును ఒక్క మనవి. నేను పాఠములు చెప్పిన దినములలో, తరగతిలో పలక పోయినచో పిల్లల చూపులు మొదట ఎరుకల పిల్లవానివైపే మరలుటను పలుమారు కంటిని. ఆ చూపు ఏ పాఠ్యపుస్తకమును నేర్పలేదు. పెద్దల మాటలనుండి వచ్చినది. ఊరిలో సొత్తు పోయిననాడు రచ్చబండకడ సాక్ష్యము నడుగుడు, కులము నడుగకుడు. ప్రభుత్వము 1952లో చింపివేసిన పట్టికను మన నాలుకలమీద నిలుపుకొనుట న్యాయము గాదు.