అమ్రాబాద్ అటవీమార్గం: కాలినడక నుండి కారు వరకు

శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా ప్రసిద్ధమైన ఉమామహేశ్వరం అచ్చంపేట సమీపాన, నల్లమల అంచున ఉంది. పూర్వం ఈ వైపు యాత్రికులు గుంపులుగా, కాలినడకన అడవి దాటేవారు. అడవిదారులు ఎరిగినవారు చెంచులు. 1940లో హైమెన్‌డార్ఫ్ ఆ చెంచులను అమ్రాబాద్ పీఠభూమిపైనే అధ్యయనం చేశాడు. నిజాం కాలంలో ఫరహాబాద్ వేటస్థలం. కనుక ఈ అడవిలో ప్రవేశ నియంత్రణ కొత్తది కాదు. ఎవరి కోసమన్నదే మారింది.

రహదారి వచ్చాక యాత్రికుల గుంపు బస్సెక్కింది. తరువాత కుటుంబం సొంత కారెక్కింది. 1983లో నల్లమల పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. మన్ననూరు, దోమలపెంటల మధ్య రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు రాకపోకలు నిషిద్ధం. బందీపూర్‌లోనూ 2009 నుండి ఇవే వేళలు.

ఈ నిషేధానికి ప్రాతిపదిక సమయమే, వాహన పరిమాణం కాదు. యాభై మందిని మోసే బస్సూ, నలుగురితో సాగే ఏడు సీట్ల కారూ పగలు ఒకే దారిన పోతాయి. కార్ల నుండి విసిరే అరటిపండ్లకు కోతులు రోడ్డెక్కడం మరో సమస్య. పెద్ద కారుపై అధిక రుసుము విధించి, బస్సులను పెంచడం న్యాయమని నా అభిప్రాయం. అయితే పరిమాణాన్నే కొలమానం చేస్తే చెంచుపెంటల రోగిని అచ్చంపేటకు చేర్చే జీపూ అందులో పడుతుంది. స్థానికులకు మినహాయింపు లేని రుసుము, వేటస్థలపు కాలంలోలాగే, అడవిని అక్కడివారికే దూరం చేస్తుంది.