షాంపూ

కారు కడిగే బకెట్‌లో మూతెడు షాంపూ కలుపుతాం. ఆ మాట మన దేశానిదే. హిందీలో 'చాంప్‌నా' అంటే ఒత్తడం, పిసకడం. 'చాంపో' అంటే ఒత్తమని. 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు దానర్థం ఒళ్లు పట్టడమే. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో ఆవిరి స్నానశాల పెట్టి, ఒళ్లు పట్టే ఆ చికిత్సపై 1822లో పుస్తకమే వేశాడు. నాలుగో జార్జి రాజుకూ షాంపూ వైద్యుడయ్యాడు! తలంటుకు ఆ పేరు 19వ శతాబ్దంలో వచ్చింది.

కారు దగ్గర మాత్రం పాత అర్థం పనికిరాదు. ముందు పైపు నీళ్లతో దుమ్ము జారిపోవాలి. ఒత్తి రుద్దారో, ఇసుక రేణువులే పెయింటును గీసేస్తాయి. ఎండలో ఆ గీతలు సాలెగూడులా కనిపిస్తాయి. గిన్నెలు తోమే సబ్బయితే వ్యాక్స్ పూతనూ వదలగొడుతుంది. మంచి నురగ ఉంటే మైక్రోఫైబర్ గుడ్డ బరువే చాలు.