నొప్పి పోయాక మిగిలే మందు

తెలుగులో మందు అన్న మాట ఒక్కటే. జ్వరానికి డాక్టరు రాసేదీ మందే, సాయంత్రం సీసాలో తెచ్చుకునేదీ మందే, ఒకప్పుడు పసిపిల్లల నాలుకకు రాసిన నల్లమందూ మందే. భాష వీటి మధ్య గీత గీయలేదు, ఆ పని మనుషులకు వదిలేసింది. నొప్పి మాత్రలకు బానిసవడం ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం అందుకే కష్టం. బిళ్ల పేరు చూస్తే అది తెలియదు, మింగేవాడు మంచివాడా చెడ్డవాడా అని చూసినా తెలియదు. మింగడానికి కారణం ఎప్పుడు మారిందో చూడాలి. నొప్పి కోసం మొదలైన బిళ్ల నొప్పి లేని రోజున కూడా కావలసి వచ్చిందంటే గీత దాటినట్టే. నల్లమందు నాటి నుంచి నేటి దాకా చరిత్ర ఈ మాటే చెబుతోంది. పల్నాడు లాంటి నొప్పుల నేల మీద నిలబడి వింటే అది ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

నల్లమందు మన ఇళ్లలోకి వైద్యంగానే వచ్చింది. చలిజ్వరాలు ఎక్కువగా ఉండే గోదావరి జిల్లాలో, మన్యంలో అది జ్వరాన్ని రానివ్వదని నమ్మేవాళ్లు. విరేచనాలకు అదే, దగ్గుకు అదే, కీళ్లనొప్పులకూ అదే. దేశమంతటా పనికి పోయే తల్లులు ఆవగింజంత నల్లమందును పాలచుక్కలో అరగదీసి, వేలికొసతో బిడ్డ నాలుకకు రాసేవాళ్లు. తల్లి తిరిగొచ్చేదాకా బిడ్డ కదిలేది కాదు. 1878 నల్లమందు చట్టం కింద లైసెన్సు దుకాణాల్లో అమ్మకం సాగింది. నల్లమందు వాడకం మీద బ్రిటిష్ ప్రభుత్వం 1893లో వేసిన రాయల్ కమిషన్ 1895లో నివేదిక ఇస్తూ, మితంగా తింటే పెద్ద హాని లేదని తేల్చింది. నల్లమందు రాబడి మీద ఆశ పెట్టుకున్న ప్రభుత్వానికి ఆ తీర్పు అనుకూలించింది. తిన్నవాడు పని చేసుకుంటున్నాడు కదా అన్నదే అందులో కొలమానమైంది. ఆ పూట అది అందకపోతే అతను ఏమవుతాడన్న ప్రశ్న వెనక్కి పోయింది. మొదటి సంకేతం దాగి ఉండేది ఆ ప్రశ్నలోనే. స్వతంత్ర భారతం 1959 నాటికి వైద్యానికి తప్ప నల్లమందు అమ్మకం ఆపాలని నిర్ణయించేసరికి, అప్పటికే అలవాటుపడిన వాళ్ల పేర్లు నమోదు చేసి మరీ ఇవ్వవలసి వచ్చింది.

తర్వాత వచ్చిన ప్రతి మందూ ఇది అలవాటు కాదన్న హామీతోనే వచ్చింది. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మింది. పెథిడిన్, పెంటజోసిన్ అనే నొప్పి సూదుల మీదా మొదట్లో అలాంటి నమ్మకమే ఉండేది. 1977లో జర్మనీ మార్కెట్లోకి వచ్చిన ట్రమడాల్‌ను ప్రపంచమంతా తేలికపాటి మందుగానే చూసింది. మన దేశం దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది 2018లో. టాపెంటడాల్ అనే నొప్పి మందును మరో మందుతో కలిపిన బిళ్లలు మన దేశం నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పోయి అక్కడి యువతను పాడుచేస్తున్నాయని బయటపడ్డాక, 2025 ఫిబ్రవరిలో వాటి తయారీని, ఎగుమతిని ఆపారు. ప్రతిసారీ మేలుకొలుపు ఆలస్యంగానే వచ్చింది.

పల్నాడులో నొప్పి ఎవరూ కల్పించుకున్నది కాదు. మాచర్ల నాపరాళ్లు తీసే చేతులకు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర మోసే నడుములకు, మిరప కోతల్లో పొద్దస్తమానం వంగి ఉండే వెన్నులకు నొప్పి రోజువారీ సంగతి. దానికి తోడు నీళ్లలో ఫ్లోరైడ్. పక్కనే ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఆ నీళ్లు ఎముకలను బిగదీస్తున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. నాగార్జునసాగర్ కుడి కాలువ వచ్చినా బోరు నీళ్లే దిక్కైన ఊళ్లు మిగిలాయి. ఫ్లోరైడ్ పట్టిన ఎముకను మళ్లీ మామూలు చేసే మందు లేదు, బాధను తగ్గించేవే ఉన్నాయి. కోతకు వచ్చిన కూలీ కొంగుముడిలో పది రూపాయల నోటుతో పాటు సగం వాడిన బిళ్లల షీటు కూడా ఉంటుంది. అందులో ఉన్నది పారాసిటమాలా, డైక్లోఫెనాకా, ట్రమడాల్ కలిసినదా ఆమెకు తెలియదు. మొదటి రెండూ మత్తుకు బానిసను చేయవు. కానీ హద్దు మీరితే పారాసిటమాల్ కాలేయాన్ని, డైక్లోఫెనాక్ కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూడోది నల్లమందు మాదిరిగానే పనిచేసే జాతి. ఒళ్లునొప్పుల బిళ్ల అని ఒకే పేరుతో అడగడంలోనే ప్రమాదం ఉంది.

నల్లమందు జాతి మందు పట్టు బిగిస్తున్నప్పుడు కొన్ని గుర్తులు ముందే కనిపిస్తాయి. ఒక బిళ్లకు తగ్గే నొప్పికి రెండు కావలసి వస్తాయి. నొప్పి రాకముందే, నిద్ర కోసమో పనికి హుషారు కోసమో వేసుకుంటారు. షీటులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటారు, అయిపోతుందంటే గాబరా పడతారు. ఒక షాపులో అడిగినది మరో షాపులో చెప్పరు, ఇంట్లో దాస్తారు. అన్నిటికన్నా మోసకారి గుర్తు ఇంకొకటుంది. మందు ఆపిన ఒకటి రెండు రోజుల్లో ఆవులింతలు, ముక్కు కారడం, కళ్లనీళ్లు, గగుర్పాటు, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి, వాటితో పాటు ఒళ్లంతా నొప్పులు. మందు లేకపోవడం వల్ల వచ్చిన ఆ నొప్పిని పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్లీ మింగుతారు. నొప్పికి మందు వేసుకుంటున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతూనే మనిషి బానిసవుతాడు.

బిళ్ల లేనిదే కూలి దొరకని మనిషిని వ్యసనపరుడంటారా అని ఎవరైనా అడగవచ్చు. అనకూడదు. గుర్తులు చూడమనేది నింద వేయడానికి కాదు, సాయం ముందే అందించడానికి. క్యాన్సర్ రోగి డాక్టరు పర్యవేక్షణలో మార్ఫిన్ వాడితే శరీరం దానికి అలవాటుపడవచ్చు, అంతమాత్రాన దాన్ని వ్యసనమనరు. చట్టం బిగిస్తే చాలదా అన్నది మరో వాదన. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1985 మత్తుమందుల చట్టం వచ్చాక దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దాదాపు 97 శాతం పడిపోయింది. క్యాన్సర్ రోగులు నొప్పితో విలవిల్లాడారు. 2014 సవరణతో గానీ ఆ ముడి కొంతైనా సడలలేదు. ఇంకోవైపు 2019 జాతీయ సర్వేలో హెరాయిన్ వాడకం 1.14 శాతం, నల్లమందు 0.52 శాతం ఉంటే, నల్లమందు జాతి నొప్పి మాత్రల, సూదుల దుర్వినియోగం 0.96 శాతంగా తేలింది. అంటే చట్టం అవసరమైనవాడికి మందు దూరం చేసిందే గానీ అలవాటును ఆపలేకపోయింది. ఆపవలసిన చోటు ఇల్లే, మందుల షాపే, ఆర్‌ఎంపీ గదే.

అందుకే పల్నాడు పాఠకులకు ఒక్క మనవి. ఇంట్లో ఎవరైనా రోజూ నొప్పి బిళ్ల వేసుకుంటుంటే షీటు వెనక రాసి ఉన్న మందు పేరు చదివించుకోండి. నిన్న నొప్పి లేకపోయినా వేసుకున్నావా అని కోపం లేకుండా అడగండి. అవునంటే ఒక్కసారిగా ఆపించకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మెల్లగా తగ్గించే దారి అడగండి. దేశమంతటికీ ఉచితంగా పనిచేసే వ్యసన విముక్తి ఫోన్ నంబరు 14446.