అన్‌మౌంట్‌కు లొంగని డిస్కు

లినక్స్ నడిచే ఇంటి సర్వర్‌లో ఒక డిస్కును అన్‌మౌంట్ చేయబోతే ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అని తెర మీద పడి పని అక్కడితో ఆగిపోతుంది. అది రాస్ప్‌బెర్రీ పైకి తగిలించిన యూఎస్‌బీ డిస్కు కావచ్చు, అన్‌రెయిడ్, ఓపెన్‌మీడియావాల్ట్ వంటి వ్యవస్థల్లోని డిస్కుల వరుస కావచ్చు. ఏదైనా కారణం ఒకటే. ఆ ఫైల్ సిస్టమ్‌ను ఎవరెవరు పట్టుకుని ఉన్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది. ఆ పట్టు పూర్తిగా వదిలేదాకా ‘ఈబిజీ’ అనే 16వ నంబరు లోపాన్ని తిప్పి పంపుతుంది. తెరిచి ఉన్న ఫైలు కింది నుంచి డిస్కును లాగేస్తే, ఇంకా ర్యామ్‌లోనే ఉన్న రాతలు గల్లంతవుతాయి. కాబట్టి ఈ మొండితనం వాడుకరి మంచికే.

చాలాసార్లు డిస్కును పట్టుకుని ఉన్నది వాడుకరి సొంత షెల్లే. ఒక టెర్మినల్‌లో ఆ డిస్కు ఫోల్డర్‌లోకి వెళ్లి, దాన్ని అలాగే వదిలేసి, మరో టెర్మినల్ నుంచి అన్‌మౌంట్ చేయబోతారు. టీమక్స్‌లో మరిచిపోయిన కిటికీ ఒక్కటి చాలు, ఫైలేదీ తెరవకపోయినా డిస్కు బిజీయే. అన్‌రెయిడ్‌లో అర్రేను ఆపబోతే అన్‌మౌంట్ ప్రయత్నం మళ్లీ మళ్లీ చేస్తున్నట్టు చూపుతూ కూర్చోవడం వెనక కూడా తరచూ ఇదే ఉంటుంది. ఆ తర్వాతి అనుమానితులు సాంబా, మీడియా సర్వర్, టోరెంట్ ప్రోగ్రామ్, బ్యాకప్ పని.

పట్టుకున్నదెవరో చెప్పే పనిముట్లు రెండు: ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఫ్యూజర్. ఫ్యూజర్‌ను ‘వీ’, ‘ఎం’ ఐచ్ఛికాలతో నడిపితే ప్రతి ప్రాసెస్ పక్కన ఒక అక్షరం వేస్తుంది. ‘సీ’ అంటే ఆ ప్రాసెస్ ప్రస్తుత ఫోల్డర్ అక్కడుందని, ‘ఈ’ అంటే ఆ ప్రోగ్రామే అక్కడి నుంచి నడుస్తోందని, ‘ఎం’ అంటే ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసుకుందని. పెద్ద ‘ఎఫ్’ కనిపిస్తే జాగ్రత్తపడాలి, రాయడానికి తెరిచిన ఫైలు అది.

ఇదే ఫ్యూజర్‌కు చంపే ఐచ్ఛికం ‘కే’ కూడా ఉంది. చిట్కాల్లో దీన్ని ఇట్టే సిఫారసు చేస్తుంటారు కానీ, వాడేముందు రెండు సంగతులు తెలిసుండాలి. వేరే చెప్పకపోతే అది పంపేది 9వ సిగ్నల్. సర్దుకోవడానికి ప్రోగ్రామ్‌కు క్షణం కూడా ఇవ్వదు, డేటాబేస్ నడుస్తుంటే రాస్తున్న పని మధ్యలోనే తెగుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఇచ్చిన ఫోల్డర్‌లో ఆ సమయానికి డిస్కు మౌంట్ అయి లేకపోతే, ‘ఎం’ ఐచ్ఛికం ఆ ఫోల్డర్ ఉన్న ఫైల్ సిస్టమ్‌ను, అంటే చాలావరకు రూట్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు సర్వర్‌లో నడుస్తున్న ప్రతిదీ చంపాల్సిన జాబితాలోకి వస్తుంది. పెద్ద ‘ఎం’ ఐచ్ఛికం పెట్టింది దీన్ని అడ్డుకోవడానికే. సేవను సిస్టమ్‌డీ ద్వారా మర్యాదగా ఆపి, వినకపోతే 15వ సిగ్నల్ పంపి, 9ని చివరికి ఉంచుకోవడమే సరైన వరస.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితా ఖాళీగా ఉన్నా డిస్కు కదలని సందర్భాలున్నాయి. అక్కడ పట్టు ప్రాసెస్‌ది కాదు, కెర్నెల్‌దే. డిస్కు మీద స్వాప్ ఫైలు ఉండొచ్చు. ఒక ఇమేజ్ ఫైలు లూప్ పరికరంగా తెరిచి ఉండొచ్చు. అన్‌రెయిడ్‌లో డాకర్‌ను ఇమేజ్ ఫైలులో పెట్టుకున్నవాళ్లకు ఇది ఎదురవుతుంది. ఆ ఫోల్డర్ లోపల ఇంకో మౌంట్ ఉండొచ్చు, లేదా ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ దాన్ని బయటికి ఎగుమతి చేస్తూ ఉండొచ్చు. కంటెయినర్ల తీరు ఇంకా వింతగా ఉంటుంది. అన్‌మౌంట్ జరిగినట్టే కనిపిస్తుంది, తీరా లక్స్ ఎన్‌క్రిప్షన్ తాళం వేయబోతే పరికరం బిజీ అంటుంది. కంటెయినర్‌కున్న వేరే మౌంట్ నేమ్‌స్పేస్‌లో ఆ డిస్కు ఇంకా మౌంట్ అయ్యే ఉంటుంది. ప్రోక్ కింద ప్రతి ప్రాసెస్‌కూ ఉండే మౌంట్‌ఇన్‌ఫో ఫైళ్లలో డిస్కు పేరు వెతికితే అసలు దొంగ దొరుకుతుంది.

అన్నిటికన్నా మొండిది ‘డీ’ స్థితిలో ఇరుక్కున్న ప్రాసెస్. పీఎస్ జాబితాలో ‘డీ’ అక్షరం కనిపిస్తే, అది కెర్నెల్ లోపల డిస్కు నుంచో నెట్‌వర్క్ నుంచో జవాబు కోసం నిద్రపోతోందని అర్థం. ఈ నిద్రను సిగ్నళ్లు చెదరగొట్టలేవు, 9వ సిగ్నల్ కూడా వరసలో నిలబడాల్సిందే. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్ చంపడానికి వీలున్న నిద్ర అనే మధ్యేమార్గం తెచ్చింది, ఎన్‌ఎఫ్‌ఎస్‌కు దాంతో మేలు జరిగింది. అయినా అన్నిచోట్లా అది లేదు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా లోడ్ యావరేజ్ పైకెళ్తుంటే దీన్ని అనుమానించాలి, ఎందుకంటే లినక్స్ 1993 నుంచీ ఈ నిద్రపోయేవాళ్లను కూడా లోడ్‌లో కలిపే లెక్కిస్తోంది. చాలా పంపిణీల్లో 120 సెకన్లు దాటితే కెర్నెల్ లాగ్‌లో హెచ్చరిక పడుతుంది.

ఇక్కడ ప్రాసెస్‌ను ఎంత తిట్టుకున్నా లాభం లేదు, రోగం కిందుంది. డీమెసేజ్‌లో యూఎస్‌బీ రీసెట్లు, ఐఓ లోపాలు వరసగా ఉంటే కేబులో, పవర్ అడాప్టరో, డిస్కో చెడిపోతోందన్నమాట. ఎన్‌ఎఫ్‌ఎస్ హార్డ్ మౌంట్ అయితే అవతలి సర్వర్ తిరిగి లేవగానే ఇవతలి ప్రాసెస్ తనంతట తానే కదులుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫ్యూజ్ మౌంట్లకు మాత్రం కనెక్షన్‌ను మధ్యలోనే రద్దుచేసే ఏర్పాటు సిస్ కింద ఉంది.

బలవంతపు అన్‌మౌంట్ ముఖ్యంగా నెట్‌వర్క్ మౌంట్ల కోసం పుట్టింది. ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ప్రయోగిస్తే మళ్లీ బిజీ అనే జవాబే వస్తుంది. 2.4.11 కెర్నెల్‌తో వచ్చిన లేజీ అన్‌మౌంట్ మాత్రం ఎప్పుడూ విజయం సాధించినట్టే కనిపిస్తుంది. అది చేసేది గుమ్మం మీద పేరు పలక తీసేయడమే, అంత మాత్రాన ఇల్లు ఖాళీ అయినట్టు కాదు. పాత ప్రాసెస్‌లు లోపల రాస్తూనే ఉంటాయి, ఆ ధైర్యంతో కేబుల్ పీకితే నష్టం ఖాయం. పైగా కొత్తగా మొదలైన బ్యాకప్, డిస్కు లేని ఖాళీ ఫోల్డర్‌లోకి రాయడం మొదలుపెట్టి, రాస్ప్‌బెర్రీ పైలోని చిన్న ఎస్‌డీ కార్డును నింపేస్తుంది. అందుకే లేజీ మార్గాన్ని, సర్వర్‌ను ఎలాగూ ఆపేయబోతున్నప్పుడే వాడటం మేలు.

ఏదీ పనిచేయకపోతే మిగిలేది మ్యాజిక్ సిస్‌రిక్ మీట. ‘ఎస్’ రాయాల్సినవన్నీ డిస్కుకు పంపుతుంది, ‘యూ’ ఫైల్ సిస్టమ్‌లను చదవడానికి మాత్రమే వీలుండేలా మారుస్తుంది, ‘బీ’ వెంటనే రీబూట్ చేస్తుంది. వీటి మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. చచ్చిన డిస్కు విషయంలో ‘ఎస్’ కూడా పూర్తికాదు, మిగతా డిస్కులకు మాత్రం అది రక్షణే. మామూలు షట్‌డౌన్ ఎంచుకుంటే, సిస్టమ్‌డీ ఒక్కో సేవ కోసం సాధారణంగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ డిస్కును వాడే ప్రతి సేవ యూనిట్ ఫైలులోనూ ‘రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్’ అనే వరుస రాసి ఉంటే, షట్‌డౌన్‌లో ముందు సేవలు ఆగి ఆ తర్వాతే అన్‌మౌంట్ జరుగుతుంది. డిస్కు మౌంట్ కాని రోజున ఆ సేవ అసలు మొదలుకాదు.