రేకుల చర్చిలు, నేల లేని జనం

రేకుల షెడ్డు సంగతి మన గూడేల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. వానొస్తే లోపల మాట వినపడదు, ఎండాకాలం కూర్చోలేం. అలలు అలలుగా ఉండే ఆ ఇనుప రేకు మీద 1829లో లండన్ ఓడరేవు ఇంజనీరు హెన్రీ పామర్ పేటెంట్ తీసుకున్నాడు. పల్చటి రేకునే అలా వంచితే బరువు ఆపుతుంది, అదీ కిటుకు. 1837లో ఫ్రాన్సులో జింకు పూత కనిపెట్టాక తుప్పు బాధా తగ్గింది.

తర్వాత బ్రిటన్ కంపెనీలు ఏకంగా చర్చిలనే ఫ్యాక్టరీలో చేసి అమ్మడం మొదలుపెట్టాయి. క్యాటలాగ్ చూసి ఆర్డరిస్తే చెక్క ఫ్రేము, రేకులు, కిటికీలు విడివిడిగా వచ్చేవి. బోల్టులు బిగిస్తే కొన్ని వారాల్లో చర్చి రెడీ. ఓడలెక్కి ఆస్ట్రేలియా దాకా పోయాయి. విలియం మోరిస్ లాంటి కళాకారులు వీటిని అసహ్యించుకున్నారు. అందంగా ఉండవన్నది నిజమే గానీ, అసలు సంగతి అందంలో లేదు, నేలలో ఉంది.

పేదజనానికి చర్చి కట్టుకోడానికి సొంత జాగా ఎక్కడిది? కౌలు నేలలో రాతితో కడితే గడువు తీరాక అది భూస్వామికే పోతుంది. రేకులదైతే విప్పుకుని పోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా.

అసలు కౌలుకి కూడా నేల ఇవ్వనంటే? స్కాట్లాండ్ కొండప్రాంతంలో అదే జరిగింది. అక్కడ ఊరి పాస్టర్ ఎవరన్నది చాలాచోట్ల భూస్వామే నిర్ణయించేవాడు. అది ఒప్పుకోక 1843లో 450 మందికి పైగా పాస్టర్లు బయటికొచ్చి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. గేలిక్ భాష మాట్లాడే కొండ రైతులు చాలామంది వాళ్ల వెంట నడిచారు. స్ట్రాన్షియన్ అనే ఊళ్లో భూస్వామి జేమ్స్ రిడెల్ జానెడు జాగా ఇవ్వనన్నాడు. జనం వానలో, చలిలో ఆరుబయటే ప్రార్థన చేశారు. చివరికి చందాలు పోగేసి, 1,400 పౌన్లు పెట్టి, ఓడలు కట్టే యార్డులో ఇనుముతో తేలే చర్చి చేయించుకున్నారు! 1846లో దాన్ని లాక్కొచ్చి ఒడ్డుకి కొంచెం దూరంలో లంగరు వేశారు. నీళ్లు రిడెల్‌వి కాదు కదా. ఆదివారం పడవల్లో జనం వచ్చేవాళ్లు. వంద మంది ఎక్కితే ఒక అంగుళం మునిగేదట. ఏ పాస్టర్‌కి ఎంత ఆదరణ ఉందో దాన్నిబట్టే లెక్కేసేవాళ్లని చెప్పుకుంటారు.

ఆ తేలే చర్చి ఇప్పుడు లేదు. రేకులవి మాత్రం బ్రిటన్‌లో ఇంకా కొన్ని మిగిలాయి. లండన్ కిల్‌బర్న్‌లో 1863 నాటిది అలాగే నిలబడి ఉంది. చాలావరకు తాత్కాలికమని వేసినవే అవి. కిల్‌బర్న్‌ది ఇప్పుడు చట్టప్రకారం కాపాడే చారిత్రక కట్టడం.