రెండు వందల చేపలు

ఇంజినీరింగ్ అయిపోయి, ఉద్యోగానికని హైదరాబాదు బయల్దేరే ముందురోజు, కాకినాడలో మా ఇంటి అక్వేరియంలోని గప్పీ చేపల్ని ప్లాస్టిక్ బకెట్లోకి వంచుకుని తీసుకెళ్ళి ఊరి చివరి కాలవలో పోసేశాను. "నువ్వెళ్ళిపోతే వాటినెవరు మేపుతార్రా" అని అమ్మ అప్పటికే నాలుగుసార్లు అనేసింది. ఎన్ని చేపలో సరిగ్గా చెప్పలేను. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. రాత్రి పది ఉంటే పొద్దున్నకి పాతిక. బకెట్ వంచగానే ఒక్క క్షణం గుంపుగా ఆగి, గుర్రపుడెక్క కిందకి జారిపోయాయి. పుణ్యం చేశాననే అనుకున్నాను. పైగా దోమపిల్లల్ని తింటాయి, ఊరికి మంచిది కూడాను.

చాలా ఏళ్ళ తర్వాత, ట్రినిడాడ్ వాగుల మీద జరిగిన పరిశోధనల చరిత్ర చదువుతుంటే ఆ బకెట్ మళ్ళీ గుర్తొచ్చింది.

గప్పీ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. రాబర్ట్ జాన్ లెచ్మియర్ గప్పీ ట్రినిడాడ్‌లో స్థిరపడ్డ ఇంగ్లీషువాడు. బళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం, రాళ్ళూ శిలాజాలూ అంటే పిచ్చి. అతను పంపిన చేపల్ని చూసి, 1866లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఆల్బర్ట్ గుంథర్ కొత్త జాతి అనుకుని అతని పేరు పెట్టాడు. తీరా చూస్తే, వెనిజులా నుంచి వచ్చిన అవే చేపలకి విల్హెల్మ్ పీటర్స్ 1859లోనే పేరు పెట్టేసి ఉన్నాడు. శాస్త్రం లెక్కలో పీటర్స్ నెగ్గాడు, అక్వేరియం షాపుల్లో గప్పీ నెగ్గాడు. ఆ తర్వాత ఈ చేప కోపెన్‌హేగెన్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలకి చేరింది. అక్కడే 1920లో యోహానెస్ ష్మిట్, మగ గప్పీ వీపురెక్క మీది మచ్చ తండ్రి నుంచి కొడుక్కే వస్తుందని, కూతురి ద్వారా రాదని చూపించాడు. అంటే ఆ మచ్చ వై క్రోమోజోమ్ మీద ఉందన్నమాట. మగవాటి ఒంటిమీది రంగుల్ని జన్యువుల లెక్కలోకి మార్చుకోవచ్చని అప్పుడే తెలిసింది. తర్వాతి కథంతా ఈ మచ్చల మీదే నడిచింది.

ట్రినిడాడ్ ఉత్తరాన అడవి కప్పిన కొండల వరస ఉంది. వాటి దక్షిణపు వాలు మీద బోలెడన్ని వాగులు. కొన్ని కరోనీ నదిలో కలిసి పడమటికి పోతాయి, కొన్ని ఓరోపూచ్ నదిలో కలిసి తూర్పున అట్లాంటిక్‌లో పడతాయి. దాదాపు ప్రతి వాగుకీ చిన్నవో పెద్దవో జలపాతాలున్నాయి. కింది మడుగుల్లో పైక్ సిక్లిడ్ అనే వేటచేప ఉంటుంది, ఎదిగిన గప్పీల్ని మింగేస్తుంది. అది జలపాతం ఎక్కలేదు. పైన గప్పీలకి తోడు ఉండేది రివ్యులస్ అనే చిన్న చేప ఒక్కటే. అది వాన రాత్రుల్లో తడినేల మీద గెంతుకుంటూ కూడా పోగలదు, కానీ తింటే గప్పీ పిల్లల్ని తింటుంది, పెద్దవాటి జోలికి అంతగా రాదు.

కాబట్టి ఒకే వాగులో, ఒక మనిషి ఎత్తు జలపాతానికి కిందా పైనా, గప్పీలు రెండు వేర్వేరు లోకాల్లో బతుకుతున్నాయి. కింద మగచేపలు వెలిసిపోయినట్టుంటాయి. పైన నారింజ, నీలం, నలుపు మచ్చలతో పెళ్ళికొడుకుల్లా తిరుగుతాయి. ఆడచేపలకి నారింజ రంగంటే మోజు. దీనికో సరదా వివరణ కూడా ఉంది: ఆ అడవుల్లో నీళ్ళలో రాలే నారింజరంగు పళ్ళు వాటికి విందు, కాబట్టి ఆ రంగు కనబడితే చాలు కళ్ళు అటే పోతాయని. అది ఎంత నిజమో గానీ, ఆడచేప కంటికి ఆనేది వేటచేప కంటికీ ఆనుతుంది. చావుకీ పెళ్ళికీ మధ్య ఎక్కడ తూకం కుదురుతుందో ఆయా మడుగు నిర్ణయిస్తుంది.

దీన్ని పద్ధతిగా గమనించిన మొదటివాడు కెరిల్ హాస్కిన్స్. వాషింగ్టన్‌లోని కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్‌కి 1956 నుంచి అధ్యక్షుడు, చీమల మీద నిపుణుడు. 1957లో అతను ఒక పని చేశాడు. కరోనీ వైపు వాగైన అరీమాలో, వేటచేపల మధ్య పెరిగిన గప్పీల్ని రెండు వందలు పట్టి, ఓరోపూచ్ వైపు ఉన్న తురూరే వాగు ఎగువన వదిలాడు. అక్కడ అంతకుముందు గప్పీలు లేవు, వేటచేపలూ లేవు. ఆ రెండు వందల సంగతి మళ్ళీ చెప్తాను.

మనకి స్కూల్లో పరిణామం అంటే లక్షల ఏళ్ళు. జిరాఫీ మెడ బొమ్మ, శిలాజం బొమ్మ, నాలుగు మార్కుల ప్రశ్న. కళ్ళతో చూడగలిగేది కాదని మా మాస్టారూ నమ్మారు, మేమూ నమ్మాం. జాన్ ఎండ్లర్ అలా నమ్మలేదు. 1970లలో ప్రిన్స్‌టన్‌లో గాజు కప్పు కింద పది చెరువుల్లాంటి తొట్లు కట్టించి, అడుగున కొన్నిట్లో సన్న గులకరాళ్ళు, కొన్నిట్లో లావు గులకరాళ్ళు పరిచాడు. అన్నిట్లోనూ గప్పీలు వేశాడు. కొన్నిట్లోనే పైక్ సిక్లిడ్ వేశాడు. తర్వాత కూర్చుని మచ్చలు లెక్కపెట్టాడు. వేటచేప ఉన్న తొట్లలో తరాలు గడిచేకొద్దీ మచ్చలు తగ్గాయి, చిన్నవయ్యాయి, అడుగున ఉన్న రాళ్ళ సైజుకి దగ్గరయ్యాయి. వేటచేప లేని తొట్లలో రివర్స్: సన్నరాళ్ళ మీద పెద్ద మచ్చలు, లావురాళ్ళ మీద చిన్న మచ్చలు. దాక్కోవాలంటే నేలలో కలవాలి, పెళ్ళి కావాలంటే నేల మీద మెరవాలి. పదిహేను తరాలు కూడా పట్టలేదు.

తొట్టిలో సరే, అడవిలో? 1976లో ఎండ్లర్ అరీపో వాగు కింది భాగం నుంచి రెండు వందల గప్పీల్ని (ఇక్కడా రెండు వందలే, ఈ అంకె నన్ను వదలదు) జలపాతం పైన, అంతవరకు గప్పీలు లేని ఒక పాయలోకి చేర్చాడు. రెండేళ్ళలో వాటి సంతానానికి రంగొచ్చింది.

డేవిడ్ రెజ్నిక్ ఇదే ప్రశ్నని రంగుల నుంచి ఆయుష్షు వైపు తిప్పాడు. అతని లెక్క ఏంటంటే, పెద్దయితే చాలు మింగేసే చోట తొందరగా పెద్దవ్వాలి, తొందరగా కనాలి, చిన్నవైనా ఎక్కువ పిల్లల్ని కనాలి. జలపాతం పైన ఆ తొందర ఉండదు. ఎండ్లర్ మార్చిన చేపల సంతానాన్ని పదకొండేళ్ళ తర్వాత చూస్తే, అచ్చంగా అలాగే ఆలస్యంగా ఈడుకొస్తున్నాయి, పెద్ద సైజులో ఈడుకొస్తున్నాయి, తక్కువమంది బలిష్టమైన పిల్లల్ని కంటున్నాయి. ఇది తిండి మహిమ కాదని ఎలా తెలుసు? రెండు రకాల్నీ ప్రయోగశాలలో ఒకే నీళ్ళలో, ఒకే తిండితో రెండు తరాలు పెంచారు. తేడా అలాగే నిలిచింది. 1990లో ఇది 'నేచర్'లో వచ్చింది. పదకొండేళ్ళంటే గప్పీలకి ముప్పై నుంచి అరవై తరాలు. మనిషికి, ఒక పిల్లాడు పుట్టి ఆరో తరగతికి వచ్చేంత.

1997లో రెజ్నిక్ బృందం ఆ వేగాన్ని కొలిచి, 3,700 నుంచి 45,000 డార్విన్ల దాకా ఉందని చెప్పింది. శిలాజాల్లో సాధారణంగా కనిపించేది ఒక డార్విన్, లేదా అందులో పదోవంతు. కొద్దికాలం మీద కొలిస్తే వేగం ఎక్కువగానే కనిపిస్తుందనే అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఆ అంకె ముందు నేను చాలాసేపు కూర్చున్నాను.

డార్విన్ అనే ఈ కొలత ఎవరిదా అని వెతికితే, జె.బి.ఎస్. హాల్డేన్‌దని తేలింది. గుర్రాల శిలాజ దంతాలు ఎంత నెమ్మదిగా మారాయో చెప్పడానికి 1949లో అతను ప్రతిపాదించాడు. పది లక్షల ఏళ్ళలో ఏదైనా కొలత సుమారు 2.7 రెట్లు మారితే ఒక డార్విన్. అతని పేరు నాకు ముందే తెలుసు. తెలియనిది ఏంటంటే, 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చి, 1961లో భారత పౌరుడై, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయిన ఆ మనిషి, తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడని. నేను ట్యూషన్‌కని ఆ కాలేజీ ముందు నుంచి సైకిల్ మీద ఏళ్ళ తరబడి వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు. అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారేమో, అడగడానికి కూడా కొంచెం తెలిసుండాలి.

అక్కడితో ఆగలేదు. హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వే గప్పీల శాస్త్రవేత్త. పుట్టిన దగ్గర్నుంచి మగచేప మొహం చూడని ఆడ గప్పీలు కూతుళ్ళని కంటున్నాయని 1950లలో లండన్‌లో ఆమె ప్రకటిస్తే, పత్రికలు కన్యాగర్భం అంటూ గోల చేశాయి. పోలీసు కుక్క తోక తొక్కి, జరిమానా కట్టనని జైలుకెళ్ళిన మనిషి. భర్తతో పాటే ఇండియా వచ్చి, అతను పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, 1978లో హైదరాబాదులో కన్నుమూసింది. వాళ్ళ శిష్యుల్లో ఒకరు కృష్ణ ద్రోణంరాజు, మాకు పక్కనే ఉన్న పిఠాపురం మనిషి. ఆయన తొలిరోజుల్లో రాసిన ఒక చిన్న వ్యాసం 1960లో 'నేచర్'లో వచ్చింది. లంటానా పొదల మీద ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పూల మీద వాలుతోందో గమనించి, జలపాతం లాంటి అడ్డేమీ లేకుండానే, ఒకే తోటలో ఈ ఇష్టాయిష్టాలే ఒక జాతిని రెండుగా చీల్చగలవేమో అని అడిగారు. కొత్త జాతులకి కొండలూ నదులే కావాలా, కంటికి నచ్చడం చాలదా అన్నది అప్పటికే పెద్ద వాదన. పిఠాపురం కుర్రాడు దాన్ని ఒక పూలపొద దగ్గర నిలబడి అందుకున్నాడు. ఈ మనుషులందరూ మా ఊరి చుట్టూ ఇలా తిరిగి ఉంటే, నేను కాలవలో గప్పీలు పోసి ఇంటికెళ్ళి పెసరట్టు తిన్నాను.

ఇప్పుడు తురూరే.

హాస్కిన్స్ చేపల మునిమనవళ్ళని 34 ఏళ్ళ తర్వాత, అంటే సుమారు వంద తరాలకి, ఆన్ మగురన్ తదితరులు చూశారు. ఊహించినట్టే ప్రవర్తన మారింది. వేటచేపలు లేని ఎగువన అవి గుంపు కట్టడం మానేస్తున్నాయి. ఇది గెలుపు. కానీ వాళ్ళు జన్యువులు కూడా చూశారు. అక్కడ ఇంకో లెక్క బయటపడింది. కరోనీ గప్పీలూ ఓరోపూచ్ గప్పీలూ పైకి ఒకేలా ఉన్నా, రక్తంలో బాగా దూరపువి. ఒకే వాగులో జలపాతానికి పైనా కిందా ఉండేవి రూపంలో దూరం, జన్యువుల్లో చుట్టాలు. కొండకి అటూ ఇటూ ఉండేవి రూపంలో కవలలు, జన్యువుల్లో పరాయివి. వేటచేప చేసే మార్పు ఒకటి, నదులు విడిపోయి యుగాలు గడవడం వల్ల వచ్చే మార్పు వేరొకటి. రెండో దూరం ఎంతంటే, 2009లో కొందరు ఓరోపూచ్ గప్పీని వేరే జాతిగానే నమోదు చేశారు, అందరూ ఒప్పుకోలేదనుకోండి.

హాస్కిన్స్ బకెట్ ఆ రెండో దూరాన్ని దాటేసింది. రెండు వందల కరోనీ చేపల సంతానం జలపాతాల మీదుగా కిందకి జారింది. పైక్ సిక్లిడ్‌కి కిందనుంచి పైకి దారి లేదు గానీ, గప్పీకి పైనుంచి కిందకి దారి ఉంది. తురూరే పొడుగునా వాటి జన్యువులు పరుచుకున్నాయి, దేశవాళీ ఓరోపూచ్ జన్యువులు పలచబడిపోయాయి. 1957లో ఇది ఎవరికీ కనిపించే ప్రమాదం కాదు. జన్యువుల్ని అలా పోల్చి చూసే పద్ధతులు అప్పటికి లేవు. హాస్కిన్స్‌ని తప్పుపట్టలేను. కానీ పరిణామం కళ్ళముందు జరుగుతుందని మనకి తెలియడానికి ఆ వాగు ఏదో చెల్లించింది, ఆ చెల్లింపు వెనక్కి రాదు.

ఈ మాటకి జవాబు కూడా ఉంది, దాచడం అన్యాయం. 2008 తర్వాత రెజ్నిక్ బృందం వేరే పాయల్లో మళ్ళీ చేపలు వదిలినప్పుడు, కింద ఉన్న చిన్న దేశవాళీ గుంపులతో అవి కలిశాయి. కలగలుపు సంతానం ఎక్కువకాలం బతికింది, ఎక్కువ కన్నది. కొద్దిమందే మిగిలి, దగ్గరి చుట్టాల్లోనే పెళ్ళిళ్ళు చేసుకుంటున్న గుంపుకి కొత్తరక్తం ఊపిరి పోయొచ్చు. అయితే అక్కడ వచ్చినవి అదే నది చేపలు. కొండ దాటినవి కావు. సముద్రం దాటినవి అసలే కావు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, అక్క కొడుకుని వెంటబెట్టుకుని, దోమతెర గుడ్డ పట్టుకుని ఆ కాలవకి వెళ్ళాను. నాలుగుసార్లు ముంచితే మూడుసార్లు గప్పీలే. షాపు చేపల్లా పెద్ద తోకలేమీ లేవు. మగవి బురద రంగులో, ఒక నల్లచుక్క, వెతికితే నారింజ గీత. కొరమేను ఉన్న కాలవ అది. ఇవి నా చేపల పిల్లలో, దోమల కోసమని ఎవరో వదిలినవో, ఇంకెవరి అక్వేరియంలోవో చెప్పే వీలు లేదు.

నేను వెతుకుతున్నది వాటిని కాదు. చిన్నప్పుడు ఇదే కాలవలో, నీటిపైన ఆనుకుని తిరిగే చిన్న చేప ఒకటుండేది, నడినెత్తిన వెండి బొట్టు మెరుస్తూ. దానికి మేం పెట్టుకున్న పేరేమీ లేదు. అదీ దోమపిల్లల్నే తింటుంది. పాంచాక్స్ అంటారని ఇప్పుడు తెలుసు. ట్రినిడాడ్ రివ్యులస్‌కి దూరపు చుట్టం.

"మావయ్యా, ఇదేనా?" అని వాడు ప్రతి చేపకీ అడిగాడు. కాదు, కాదు.

గట్టున గాలం వేసుకుని కూర్చున్నాయన మా అవస్థ చూసి నవ్వాడు. "నెత్తిన బొట్టున్నదా? ఉండేయి బాబూ. ఇక్కడ చూసి శానా కాలమైంది. లాకులకి పైన చూడండి, అక్కడ దొరికితే దొరకొచ్చు."

లాకుల దాకా నడిచాం. అప్పటికే చీకటి పడిపోయింది, నీళ్ళు కనిపించలేదు. ఫోన్ లైటు వేసి చూశాను, దోమలు తప్ప ఏమీ లేవు. వాడికి ఆకలేస్తోందన్నాడు, వెనక్కి తిరిగాం.