జ్వరము విడిచిన పిమ్మట

ఒడలు చల్లబడి, నాలుకకు రుచి తెలిసి, వైద్యుడు ఇక భయము లేదని చెప్పి వెడలిన తరువాత గూడ కొందరు రోగులు మునుపటి మనుష్యులు కాలేకుందురు. నాలుగు మెట్లెక్కిన మోకాళ్లు వణకును. పది పంక్తులు చదివిన తల బరువెక్కును. రాత్రియంతయు నిద్రించి లేచినను అలసట తీరదు. ఈ యవస్థ క్రొత్తది కాదు. దీనిని వ్యాధిగా నెంచవలెనా, వ్యాధిశేషముగా నెంచవలెనా, మనోదౌర్బల్యముగా నెంచవలెనా యను విషయమున మాత్రము వైద్యలోకము కాలమున కొక తీరుగా మాటాడినది. ఆ మాటను బట్టియే రోగికి దొరకు విశ్రాంతియు, అతని వాక్కునకు గల విలువయు హెచ్చుచు తగ్గుచు వచ్చినవి.

మన ప్రాచీన వైద్యులకు వైరసులు తెలియవు; వారు జ్వరమని పేర్కొనినదానిలో నేడు మనము వేఱువేఱుగా నెఱిగిన వ్యాధులెన్నియో కలిసియుండెను. అయినను జ్వరము విడుచుటకును బలము చేకూరుటకును నడుమ నొక కాలము కలదనియు, ఆ కాలమునకు ప్రత్యేక నియమములు కావలెననియు వారు స్పష్టముగా గుర్తించిరి. చరకసంహిత చికిత్సాస్థానమున జ్వరమును గూర్చిన మూడవ యధ్యాయము, జ్వరముక్తుడు బలవంతుడగు వరకు వ్యాయామమును, స్త్రీసంగమమును, స్నానమును, సంచారమును వర్జింపవలెనని విధించి, బలము రాక మునుపే వీనికి గడంగినవానికి జ్వరము మరల వచ్చునని హెచ్చరించుచున్నది. ఇచట గడువు దినములలో చెప్పబడలేదు. బలము వచ్చుటయే గడువు. శోధనచికిత్స పొందినవానికి పలుచని పేయతో మొదలిడి, చిక్కని విలేపి, యూషము, మాంసరసము అను వరుసను ఆహారమును హెచ్చించు సంసర్జనక్రమము గూడ ఇట్టి యాలోచననుండి పుట్టినదే.

తెలుగువారి యిండ్లలో నీ శాస్త్రవిధియే పథ్యముగా స్థిరపడినది. లంఖణములు పూర్తియై, నిజమైన ఆకలి పుట్టినదని నమ్మకము కుదిరిన తరువాత, ఒక మంచిదినము చూచి రోగికి పథ్యము పెట్టెడివారు. మెత్తగా నుడికించిన పాతబియ్యపు అన్నము, మిరియాల చారు, కారము తగ్గించి వండిన లేత బీరకాయ కూర—ఇవియే యా దినపు విందు. ఆపై, ఎండలో తిరుగరాదు, తలకు పోసికొనరాదు, నూతిలో నీరు తోడరాదు అని పెద్దల శాసనము. జబ్బు తిరుగబెట్టునేమో యను భయమే యీ కట్టుబాటున కంతకును మూలము. దీనియందు దోషములు లేకపోలేదు. లంఖణములు మితిమీరి, జ్వరముకంటె ఆకలియే రోగిని కృశింపజేసిన సందర్భములు గలవు. అదియునుగాక, పథ్యము వండిపెట్టువారు గలవానికే పథ్యము దక్కెడిది. కూలికి పోయిననేగాని కుండ పొయ్యి కెక్కనివానికిని, తాను లేవనిదే యింటిలో పొయ్యి రాజని యిల్లాలికిని ఈ శాస్త్రము వినుటకు మాత్రమే యింపుగా నుండెడిది.

ఐరోపాయందు పందొమ్మిదవ శతాబ్దమున నీ సమస్యయే ప్రభుత్వముల దృష్టికి వచ్చెను. ఆసుపత్రి మంచమునుండి లేచిన కార్మికుడు నేరుగా కర్మాగారమునకు పోయి, కొలది దినములలో మరల నదే మంచమునకు వచ్చుచుండుట చూచి, ఫ్రాన్సును పాలించుచున్న మూడవ నెపోలియన్ 1855లో శాసనము చేయించి, 1857లో ప్యారిస్ సమీపమున వెన్సెన్ వద్ద కోలుకొను కార్మికుల కొఱకొక ఆశ్రమమును తెఱిపించెను. 1859లో స్త్రీల కొఱకు లె వెసినే యందు మఱియొకటి వెలసెను. ఇంగ్లండులో సముద్రతీరములందును, పల్లెపట్టులందును ఇట్టి గృహములు విస్తరించెను. రోగమునకు ఆసుపత్రి యెట్లో, కోలుకొనుటకు గూడ నొక చోటు అట్లే కావలెనను భావము అంతట నంగీకృతమయ్యెను.

1889లో రష్యానుండి వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా యీ భావమునకు గట్టి పరీక్ష పెట్టినది. జ్వరము కొలది దినములలో పోయినను, నెలల తరబడి నిస్సత్తువ, నిద్రలేమి, విషాదము వెన్నాడుచుండుట ఐరోపా వైద్యులను కలవరపెట్టెను. లండనులో ప్రసిద్ధ కంఠవైద్యుడైన మొరెల్ మెకెంజీ, ఇది ప్రధానముగా నాడీమండలమును బాధించు వ్యాధియని వాదించెను. అప్పటికే అమెరికాలో జార్జి బియర్డ్ 1869లో న్యూరస్తీనియా యను పేరును ప్రచారములోనికి తెచ్చియుండెను. ఆ పేరు క్రిందనే యీ రోగులలో ననేకులు చేరిరి. ఫిలడెల్ఫియాకు చెందిన వైర్ మిచెల్, రోగిణిని వారముల తరబడి మంచముపై నుంచి, బంధుమిత్రుల నెడబాపి, పాలతో పోషించి, మర్దనము చేయించు విశ్రాంతిచికిత్సను ప్రవేశపెట్టెను. ఈ చికిత్స పొందిన రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రకటించిన 'ది ఎల్లో వాల్‌పేపర్' అను కథయందు దాని క్రౌర్యమును బయటపెట్టెను. విశ్రాంతియే ఔషధమైనను, దానిని రోగి చేతినుండి లాగికొని వైద్యుడే శాసించినచో నది చెఱసాల యగునని యీ కథ లోకమునకు తెలిపినది.

1918 నాటి మహమ్మారి వలన మనదేశముననే కోటికి మించి జనులు నశించిరి. ఆ మరణముల రాశిలో బ్రదికినవారి నీరసమును లెక్కించువారు తక్కువైరి. దానికి కొంచెము ముందుగా, 1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనోమో వర్ణించిన నిద్రావ్యాధికిని ఇన్‌ఫ్లుయెంజాకును సంబంధము కలదా యను వివాదము నేటికిని తేలలేదు. మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజాకు కారణమైన వైరసు 1933లో గాని దొరకలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి గాలి మారెను. పెనిసిలిన్ వచ్చినది, శస్త్రచికిత్స పొందినవారిని సత్వరముగా నడిపించిన మేలు కలుగునని తేలినది, 1947లో రిచర్డ్ ఆషర్ మంచమునంటియుండుట వలన కలుగు రక్తపు గడ్డలను, కండరక్షయమును, శయ్యావ్రణములను ఏకరువు పెట్టుచు ప్రసిద్ధవ్యాసము వ్రాసెను. అది యథార్థమే. కాని ప్రసవించినవారికిని, కోత పొందినవారికిని తగిన విధి అందఱకును విధియై, కోలుకొను కాలమను భావమే క్రమముగా వైద్యవిద్యనుండి జారిపోయెను. మంచముల కొఱత, పనిదినముల లెక్క దానికి తోడ్పడినవి.

దానికి కొంచెము ముందునుండి ఆ కాలమంతటను, ఆ భావము లేనిదే యర్థము కాని సంఘటనలు వరుసగా జరుగుచుండుట చిత్రము. 1934లో లాస్ ఏంజిలెస్ కౌంటీ ఆసుపత్రియందు పోలియో ప్రబలిన వేళ 198 మంది ఉద్యోగులు పోలియోకు సరిపడని బలహీనతతో మంచము పట్టిరి. 1948-49 శీతకాలమున ఐస్‌లాండులోని అకురేరి పట్టణప్రాంతమున ఇంచుమించు 500 మంది ఇట్లే బాధపడగా, ఆఱేండ్ల తరువాత పరీక్షించినప్పుడు గూడ కొందరికి బాధ తీరలేదు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి యుదంతము. 1955 జులై 13న వ్యాధి పొడసూపెను. అదే నెల 25న ఆసుపత్రినే మూసివేయవలసివచ్చి, అక్టోబరు 5 వరకు తెఱవలేకపోయిరి. సిబ్బందిలో 292 మంది పడిపోగా, అప్పటికే చికిత్సకై చేరియున్న రోగులలో పండ్రెండుగురికే యది సోకెను. నర్సులు తలనొప్పి, గొంతునొప్పులతో మొదలై, కండరముల నొప్పితోను, చిన్నపనికే కలుగు విపరీతమైన అలసటతోను నెలలు గడపిరి. మరుసటి యేడు లాన్సెట్ పత్రిక దీనికి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అను పేరును సూచించినది. ఆ యాసుపత్రి వైద్యుడగు మెల్విన్ రామ్సే తన జీవితశేషమును దాని పరిశీలనకే వినియోగించెను.

అయినను 1970లో మెకెవిడీ, బియర్డ్ (జార్జి బియర్డ్ కాడు) అను మనోవైద్యులిద్దరు రోగులను చూడకయే, పాత కాగితములను తిరుగవేసి, స్త్రీలే యెక్కువగా పడిపోవుట మొదలగు కారణములు చూపి, యిది సామూహిక హిస్టీరియాయని తీర్పు చెప్పిరి. పరీక్షనాళికయందు ఏదియు కనబడనప్పుడు లోపము పరీక్షలో నుండవచ్చునను శంకకంటె, లోపము రోగిమనస్సునందే కలదను నిశ్చయము సులభమైనది. ఆ తీర్పు నీడ నలువది యేండ్లు ప్రసరించెను. 1984లో అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఇంక్లైన్ విలేజ్ నందు ఇట్టి వ్యాధియే కనబడగా, 1988లో ఆ దేశపు ప్రభుత్వసంస్థ దానికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అను పేరు పెట్టినది. అలసట యనగా నందఱెఱిగినదే గదా యని జనులు దానిని తేలికగా దీసికొనిరి.

ఈ వివాదమున మలుపు తెచ్చినది ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణపరిశోధన. గ్రంథిజ్వరము, క్యూ జ్వరము, రాస్ రివర్ జ్వరము సోకిన 253 మందిని మొదటినుండి వెంబడించి చూడగా, ఆఱు నెలలకు గూడ సుమారు 12 శాతము మందికి వ్యాధి దీర్ఘించినట్లు 2006లో ప్రకటించిరి. మూడు వేఱువేఱు సూక్ష్మజీవులు, ఫలము మాత్రమొక్కటే! ఎవరు కోలుకొనరో ముందుగా సూచించినది వారి మనస్తత్వము కాదు, తొలిజ్వరపు తీవ్రత. ఆ సంవత్సరములందే ఆంధ్రప్రదేశమున చికున్‌గున్యా విజృంభించి, జ్వరము వారములో పోయినను కీళ్లనొప్పులతో నెలలకొలది గోడ పట్టుకొని నడచినవారిని మనము ప్రతి వీథిలోను చూచితిమి. వారిని నటించుచున్నారని యెవరును అనలేదు. చూచువారి యిండ్లలో గూడ అట్టివారుండుటయే దానికి కారణము.

కోవిడ్ ఆ పనినే ప్రపంచమంతటికిని చేసెను. 2020లో రోగులే తమ యవస్థకు లాంగ్ కోవిడ్ అని పేరు పెట్టుకొనిరి. జబ్బుపడిన వైద్యులు గూడ అందులో చేరుటచే వాదము వినక తప్పలేదు. 2011లో పేస్ అను పరిశోధన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ రోగులకు క్రమముగా వ్యాయామమును హెచ్చించుట మేలని చెప్పియుండెను. దాని పద్ధతిపై తీవ్రవిమర్శలు వచ్చిన పిదప, 2021 అక్టోబరులో బ్రిటనులో చికిత్సానియమములను సూచించు నైస్ సంస్థ ఆ సలహాను మాన్పించినది. శ్రమపడిన మఱునాడో, ఆ మఱునాడో బాధ లన్నియు హెచ్చుట యీ వ్యాధికి ముఖ్యలక్షణమని యది పేర్కొనినది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు శ్రమకు ముందును వెనుకను లాంగ్ కోవిడ్ రోగుల కండరపు తునకలను పరీక్షించి, అందు నిజముగానే మార్పులు కలుగుచున్నవని చూపిరి.

నేటి వైద్యులు బోధించు పేసింగ్ పద్ధతి చూచుటకు సామాన్యము, ఆచరణకు కష్టము. మితమైన జీతముతో సంసారము నడుపు గృహస్థువలె రోగి తన శక్తిని ముందుగానే పంచుకొనవలెను. స్నానము పీటపై కూర్చుండి చేయుట, కూరలు కూర్చుండి తఱుగుట, స్నానమునకును వంటకును నడుమ కన్నులు మూసికొని పండుకొనుట, ఒడలు తేలికగా తోచిన దినమున బాకీపడిన పనులన్నియు నెత్తికెత్తుకొనకుండుట—ఇవియే దాని సూత్రములు. అలసిన తరువాత కాక, అలయక ముందే విశ్రమింపవలెను. అట్లని మంచమునకే యంటుకొనుట తగదు. ఓపిక యున్నంతలో కదలుచుండవలెను. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహము, క్షయ మొదలగువానిని పరీక్షించి చూడకుండ, నీరసమంతయు వైరసుదేయని యూరకుండుటయు ప్రమాదమే. పెక్కుమంది కొలది వారములలోనే తేరుకొందురను ధైర్యము గూడ రోగికి చెప్పవలెను.

ఇంత చరిత్రను పరికించిన మీదట, ఈ విషయమున వైద్యమున కంటె లోకవ్యవహారమే వెనుకబడియున్నదని తోచుచున్నది. మన కార్యాలయములలో సెలవు పత్రమునకు జ్వరము కావలెను. మరల చేరుటకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావలెను. ఈ రెండు కాగితముల నడుమ, సగము బలముతో సగము పని చేయగల మనుష్యునకు తావు లేదు. బడిపిల్లవానికి హాజరు లెక్క, కూలివానికి దినభత్యము, గృహిణికి అసలు సెలవే లేదు. మొదటి వారములలో కొన్ని గంటల పని, ఇంటినుండి చేయుటకు వీలు, నడుమ పండుకొనుటకు చోటు—ఇంతకుమించి యజమాని చేయవలసినది లేదు. బలము వచ్చువరకు అని చరకుడు విడిచిన గడువును తేదీగా మార్చి కాగితముపై వ్రాయుట మన యధికారులకు వాడుకయైనది. ఆ తేదీని రోగి స్థితిని బట్టి పొడిగించుటకు నిబంధనలలో చోటు కల్పించినప్పుడే పరిశోధనశాలలు ఋజువు చేసిన సత్యము రోగి యింటికి చేరును.